చివి మెట్టలో సజ్జ కోతలు

సోమవారం, హరారే

జింబాబ్వేలో వానలు నవంబరులో మొదలై మార్చితో ఆగిపోతాయి. ఏప్రిల్, మే నెలలు కోతల కాలం. "వస్తే మేలోనే రా, తర్వాత వస్తే ఖాళీ చేలు చూసి పోవాలి" అని నా స్నేహితురాలు ముందే హెచ్చరించింది. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఆమె మా ఇంటికి తరచూ వచ్చేది. రాగి సంగటి పెడితే ఎవరూ చూపించకుండానే ముద్ద చేసి, నంజుకుని తినేది. తన పుట్టింట్లో కూడా అదే తిండి అని చెప్పేది. దుబాయ్, లుసాకాల మీదుగా నన్ను ఇక్కడిదాకా రప్పించింది ఆ పుట్టిల్లే.

మాది అనంతపురం జిల్లా. మా తాతల నాటి కొర్ర, జొన్న చేలన్నీ వేరుశనగ కిందికి పోయాయి. ఇప్పుడు మా ఊళ్ళో సజ్జ విత్తనం కావాలంటే అంగడికే పోవాలి. జొన్న, సజ్జ, రాగి మూడూ ఆఫ్రికాలో పుట్టినవే. జొన్న తూర్పు సూడాన్‌లో, సజ్జ పశ్చిమాన మాలి వైపు సాహెల్ అంచుల్లో, రాగి ఇథియోపియా, ఉగాండా ఎత్తు నేలల్లో మొదట సాగయ్యాయి. జొన్న, సజ్జ దాదాపు నాలుగు వేల ఏళ్ళ కిందటే మన దేశం చేరాయి. ఈ మూడింటినీ ఇప్పటికీ ఒకే కుటుంబం ఒకే పొలంలో పండించుకుని తింటుంటే చూడాలన్నది నా చిరకాల కోరిక.

మంగళవారం, హరారే నుంచి మస్వింగో

పొద్దున్నే ఎంబారే మార్కెట్టుకు వెళ్ళాం. దేశంలోని ఊళ్ళన్నింటికీ బస్సులు బయల్దేరేది, పల్లెల సరుకంతా వచ్చి దిగేదీ ఇక్కడే. ధాన్యం వరసలో ఇరవై లీటర్ల ప్లాస్టిక్ బకెట్టే కొలత. ఎర్ర జొన్న, తెల్ల జొన్న, బూడిద రంగు సజ్జ, ముదురు ఎరుపు రాగి బకెట్ల మీద గోపురాలుగా పోసి ఉన్నాయి. షోనా భాషలో జొన్న మపుందే, సజ్జ మ్హుంగ, రాగి జ్వియో. రాగిని రపోకో అని కూడా అంటారు. పక్కనే అలసందలు, నేలలోపల కాసే న్యిమో గింజలు, ఎండబెట్టిన ఆకుకూరల మూటలు. ఆ ఎండు కూరల్లో ఒకటి చూడగానే పోల్చుకున్నాను. అది మన వామింటాకు. ఇక్కడ న్యెవ్హె అంటారు. లేత ఆకు ఉడికించి, ఎండబెట్టి, వానలు లేని నెలలకు దాచుకుంటారు.

జిగ్ అనే కొత్త కరెన్సీ 2024 ఏప్రిల్‌లో వచ్చినా, మార్కెట్టులో బేరాలన్నీ డాలర్లలోనే నడుస్తున్నాయి.

మస్వింగో ఇక్కడికి దక్షిణాన 290 కిలోమీటర్లు. చివ్హు, మ్వుమ దాటాక చెట్లు పొట్టిబడ్డాయి, గుట్టలు బోడిబండలయ్యాయి. గోళీలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి నిలిచిన గ్రానైట్ రాళ్ళు దారి పొడవునా కనిపించాయి. రాత్రి మస్వింగోలో చలి వేసింది. ఇక్కడ మే నెల శీతాకాలపు గుమ్మం.

బుధవారం, పల్లెకు

ఉదయం గ్రేట్ జింబాబ్వే చూశాం. పదకొండో శతాబ్దం నుంచి పదిహేనో శతాబ్దం దాకా వెలిగిన రాజధాని ఇది. సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు. దేశం పేరు కూడా దీని నుంచే వచ్చింది. దీని గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి నేను ముందుకు పోతాను.

మధ్యాహ్నానికి చివి జిల్లాలో స్నేహితురాలి పుట్టిల్లున్న పల్లె చేరాం. ఇక్కడ ఏటా పడే వాన 500 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అంటే మా అనంతపురం వానే. కాకపోతే మాకు జూన్ నుంచి విడతలుగా పడేది వీళ్ళకు నాలుగైదు నెలల్లో ముగుస్తుంది, మధ్యలో మూడు వారాలు మొహం చాటేసే ఏడాదులు కూడా ఎక్కువే.

ఇంటి ముందు ఆగి చప్పట్లు కొట్టి పలకరించాలి. ఆడవాళ్ళు అరచేతులు దొన్నెలా వంచి కొడతారు, మగవాళ్ళు చేతులు చాపి కొడతారు. స్నేహితురాలి తల్లిని అందరిలాగే నేనూ అమయి అన్నాను, తండ్రిని బాబ అన్నాను. నాయనమ్మ అంబుయ. అన్న భార్య ఈ ఇంటి ముఱూర, అంటే కోడలు. అన్న దక్షిణాఫ్రికాలో కూలి పనికి పోయాడు. ఈ జిల్లాలో ఇలా మగవాళ్ళు సరిహద్దు దాటిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

గుండ్రటి వంటింట్లో మగవాళ్ళు కుడివైపు మట్టి అరుగు మీద, ఆడవాళ్ళు ఎడమవైపు చాప మీద కూర్చుంటారు. నేను చాప మీద అంబుయ పక్కన సర్దుకున్నాను. చేతుల మీద నీళ్ళు పోసి, సజ్జ సద్జ (పిండి గెలికి చేసే ముద్ద), వేరుశనగ ముద్ద కలిపిన ఆకుకూర, నాటుకోడి పులుసు పెట్టారు. సద్జను గట్టిగా గెలుకుతారు, మన సంగటి కన్నా కొంచెం గట్టిగానే ఉంటుంది. భోజనాలయ్యాక బాబ మా గోత్రం అడిగారు. వీళ్ళకు ముటుపో ఉంటుంది. ఒక జంతువు పేరు మీదో, జంతువు అవయవం మీదో వంశం నడుస్తుంది. ఒకే ముటుపో వాళ్ళు పెళ్ళి చేసుకోరు, ఆ జంతువు మాంసం ముట్టరు. మాకూ సగోత్రం కుదరదని చెబితే ఆయనకు చాలా నచ్చింది.

గురువారం, చేలో

తెల్లవారక ముందే పిల్లలు కేకలు వేస్తున్నారు. బడికి వెళ్ళేలోపు ఇంటి వెనక ఆలస్యంగా వేసిన జొన్నచేను కాపలా వాళ్ళ వంతు. క్వీలియా పిట్టలు. ఎర్ర ముక్కు, పిచ్చుకంత పిట్ట. వేలకు వేలుగా, ఒక్కోసారి లక్షలుగా మేఘంలా వచ్చి వాలుతుంది. గింజ పాలు పోసుకున్నది మొదలు కోత దాకా, పొద్దు పొడుపు నుంచి పొద్దు గూకే దాకా, ఎవరో ఒకరు చేలో నిలబడాల్సిందే. మన వైపు మంచె ఎక్కి వడిసెల తిప్పేవాళ్ళు గుర్తున్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఖాళీ డబ్బాలు, కొరడా చప్పుడు, చిరిగిన క్యాసెట్ టేపు దారాలు వాడుతున్నారు.

పిట్టల వల్లే ఏ రకం వేయాలన్నదీ మారిపోతుంది. ఎర్ర జొన్నలో టానిన్లు ఎక్కువ, వగరు. పిట్టలు అంతగా ముట్టవు. కానీ మనిషికీ ఆ వగరు నచ్చదు, కాబట్టి అది ఎక్కువగా నాటు బీరు తయారీకే పోతుంది. మసియా లాంటి తెల్ల జొన్న మనిషికి రుచి, పిట్టకు ఇంకా రుచి. సజ్జలో అంబుయ కంకికి పొడవాటి ముళ్ళున్న పాత రకాన్ని వదలడం లేదు. గింజ చిన్నదైనా ముళ్ళ వల్ల పిట్ట వాలలేదని ఆమె లెక్క. అమయి మాత్రం విత్తనాల దుకాణంలో దొరికే త్వరగా పండే రకం వేస్తుంది. అత్తాకోడళ్ళ మధ్య ఈ వాదం ముప్పై ఏళ్ళుగా నడుస్తోందట. పొలంలో రెండూ ఉన్నాయి. వానలు ముందే ఆగిన ఏడాది అమయి సజ్జ గట్టెక్కిస్తుంది, పిట్టలు విరుచుకుపడిన ఏడాది అంబుయ సజ్జ మిగులుతుంది. నాకు ఇద్దరి మాటా సరైనదే అనిపించింది.

కోత చాకుతో. ఒక చేత్తో దంటు వంచి, కంకి కింద కోసి, వీపున కట్టుకున్న గంపలోకి. రాగి కోత ఇంకా ఓపిక పని. మొక్క మోకాలి ఎత్తు, ఒక్కో వెన్నూ విడిగా కోయాలి. సగం పూటకే నడుము పట్టేసింది. అమయి, ముఱూర నాకన్నా మూడింతల వేగంతో పోతున్నారు. ముఱూర వీపున చంటిపిల్ల నిద్రపోతూనే ఉంది.

చేలో అక్కడక్కడ చెదపుట్టలు తవ్విన గుంటలు కనిపించాయి. పుట్ట మన్ను బలమైన ఎరువని చలికాలంలో తవ్వి చేలో చల్లుతారట. జొన్న సాళ్ళ మధ్య అలసంద, గుమ్మడి, దోస తీగలు నేలంతా కప్పేశాయి. జొన్న ఎండిపోయినా ఈ తీగలేవో కొంత తిండి ఇస్తాయి.

పొలం చివర ఒక ముక్కలో గుంటలు వరసగా తీసి ఉన్నాయి. ప్రభుత్వం 2020 నుంచి ప్రచారం చేస్తున్న ఫుంవుద్జ పద్ధతి అది. 39 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు ముక్కలో 52 వరసలు, వరసకు 28 గుంటలు, మొత్తం 1,456. దున్నకుండా గుంటల్లోనే పశువుల ఎరువు, విత్తనం వేసి, పైన చెత్త కప్పుతారు. ఉన్న కాస్త తేమ గుంటలోనే నిలుస్తుంది. పద్ధతి పనిచేస్తుందని బాబ ఒప్పుకున్నారు. కానీ ఎండాకాలంలో గట్టి నేల మీద పార పట్టేది ఎవరు? ఊళ్ళో జనం దీన్ని "దిగ ఉఫె" అంటారు, తవ్వుతూ చావు అని.

శుక్రవారం, చీసి

ఈ రోజు ఎవరూ చేలో అడుగు పెట్టరు. వారంలో ఒక రోజు భూమికి విశ్రాంతి. దీన్నే చీసి అంటారు. ప్రాంతాన్ని బట్టి ఆ రోజు మారుతుంది. ఆ రోజు నాగలో పారో పట్టినవాళ్ళకు ఊరి పెద్ద జరిమానా వేస్తాడు. ఇంటి పనులకు మాత్రం చీసి లేదు, అంటే ఆడవాళ్ళకు సెలవు లేదు.

బాబ ఖాళీగా దొరికారు కాబట్టి ఈ నేల కథ అడిగాను. తెల్లవాళ్ళ పాలనలో 1930లో వచ్చిన భూమి పంపకాల చట్టం మంచి వానలు పడే నేలలు చాలావరకు వాళ్ళకే రాసిచ్చింది. నల్లవాళ్ళకు ఎక్కువగా ఇలాంటి ఇసుక మెట్టలే మిగిలాయి. మొక్కజొన్నను పోర్చుగీసువాళ్ళు ఎప్పుడో తెచ్చినా, అది అందరి కంచంలోకి వచ్చింది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే. గనుల్లో, తోటల్లో కూలీలకు రేషనుగా మొక్కజొన్న పిండే ఇచ్చారు. 1960లో ఎస్‌ఆర్-52 అనే హైబ్రిడ్ వచ్చింది. 1980లో స్వాతంత్ర్యం వచ్చాక హైబ్రిడ్ విత్తనం, ఎరువు, కొనుగోలు కేంద్రం పల్లెలకు చేరాయి. బాబ పడుచుతనంలో సజ్జ సద్జ తినేవాడంటే పేదవాడని లెక్క. తెల్లటి మొక్కజొన్న సద్జ పెడితేనే చుట్టానికి మర్యాద. ఈ మాట వింటుంటే మా ఊళ్ళో వరి అన్నం, జొన్న ముద్దల సంగతే వింటున్నట్టుంది. ఆ చిన్నచూపు రెండు ఖండాల్లోనూ ఒకే తీరుగా పనిచేసింది.

"92లో పశువులన్నీ పోయాయి" అన్నారు బాబ. 1991-92 కరువు ఆఫ్రికా ఖండం దక్షిణ భాగమంతటినీ ఊపేసింది. 2024లో కూడా ఎల్‌నినో వల్ల పైర్లు మాడిపోయాయి. ఆ ఏప్రిల్ 3న ప్రభుత్వం విపత్తు ప్రకటించింది. ఆ ఏడాది ఈ ఇంట్లో మొక్కజొన్న ఒక్క గంప కూడా రాలేదు. సజ్జ ఆరు బకెట్లు వచ్చింది. దానికి తోడు అంబుయ గాదెలో మూడేళ్ళ కిందటి రాగులున్నాయి. మొక్కజొన్నకు మందు కలపకపోతే నాలుగు నెలల్లో పురుగు పడుతుంది. రాగికి ఏళ్ళ తరబడి పురుగు దరిచేరదు. ఆ రాగులే వీళ్ళను జనవరి దాకా నడిపించాయి.

సాయంత్రం అంబుయ ఆ గాదె చూపించింది. పేరు దుర. రాళ్ళ మీద ఎత్తుగా నిలబెట్టి, కర్రలు అల్లి, మట్టి, పేడ మెత్తి, పైన గడ్డి కప్పారు. చెదలు, ఎలుకలు ఎక్కకుండా ఆ ఎత్తు. లోపల మట్టి గోడలతో నాలుగు అరలు. రాగి అర మూతికి మట్టి పూసి మూసేశారు. ఆమె అనుమతి లేకుండా బాబ కూడా దాన్ని తెరవరు. విత్తనం మాత్రం గాదెలో ఉంచదు. పైరు నిలబడి ఉండగానే తానే చేనంతా నడిచి, బలమైన కంకులకు గుర్తు కట్టి, విడిగా కోయించి, వంటింటి కప్పుకు పొయ్యి మీదుగా వేలాడదీస్తుంది. పొగ వల్ల పురుగు పట్టదు. కంకులు మసి పట్టి నల్లగా ఉన్నాయి.

ఆమెను ఎవరూ శాస్త్రవేత్త అనరు. కానీ హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో ఉన్న మా ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) విత్తన నిధిలో నలభై వేలకు పైగా జొన్న నమూనాలున్నాయంటే, అవి చాలావరకు ఇలాంటి ముసలమ్మల చూరు కిందినుంచి సేకరించినవే కదా. 1988లో మన దేశంలో విడుదలైన ఐసీటీపీ-8203 అనే సజ్జ రకం టోగో రైతుల ఇనియాడి సజ్జ నుంచి ఎంపిక చేసినది. ఇనుము ఎక్కువగా ఉండే ధనశక్తి సజ్జ దాని నుంచే వచ్చింది. అటు పటాన్‌చెరులో తయారైన సజ్జ నమీబియాలో ఒకషాన-1 పేరుతో సాగవుతోంది. జింబాబ్వేలో కూడా బులవాయో దగ్గర మటోపోస్‌లో ఇక్రిశాట్ కేంద్రం 1980ల నుంచి పనిచేస్తోంది. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా సాగింది. పేర్లు మాత్రం కేంద్రాలవే మిగిలాయి, అంబుయలవి కాదు. ఈ విషయం నన్ను బాధిస్తుంది.

శనివారం, కల్లం బండ మీద

ఇక్కడ కల్లం చేయనక్కర్లేదు. ఊరి పక్కనే ఎకరం పాటి బోడి గ్రానైట్ బండ ఉంది, పేరు రువరె. ఎండకు వేడెక్కిన బండ మీద కంకులు పరిచి కర్రలతో కొడతారు. ఈ రోజు న్హింబె, అంటే పొరుగువాళ్ళంతా కలిసి వచ్చే పని. కూలి ఉండదు. పని పెట్టుకున్నవాళ్ళు తిండి, హ్వహ్వ అనే నాటు బీరు ఇస్తారు. హ్వహ్వ కోసం అంబుయ వారం కిందటే మొదలుపెట్టింది. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరి, జొన్న జావలో కలిపి పులియబెట్టింది. చిక్కగా, పుల్లగా ఉంటుంది. తాగనివాళ్ళకు మహేవు అనే మత్తులేని పుల్లటి జావ ఉంది. నేను అదే రెండు గ్లాసులు తాగాను.

ఇరవై మంది ఎదురెదురుగా నిలబడి, పాటకు తగ్గట్టు కర్రలు ఎత్తి దించుతున్నారు. మగవాళ్ళు ఏడుగురే. మొదటి గంట పండగలానే ఉంది. తర్వాత దుమ్ము లేచింది. సజ్జ నూగు మెడలో, మోచేతుల మడతల్లో దూరి ఒకటే దురద. ముఱూరకు దగ్గు ఆగలేదు. మధ్యాహ్నం గాలి తిరిగాక చాటలతో తూర్పారబట్టారు. సాయంత్రానికి బండ మీద పదకొండు బకెట్ల సజ్జ కుప్ప.

అక్కడితో పని అయిపోలేదు. సజ్జకు పొట్టు తీయాలి. గింజలు తడిపి, రోట్లో పోసి, ఇద్దరు ఎదురెదురుగా రోకళ్ళతో దంచాలి, చెరగాలి, మళ్ళీ దంచాలి, ఆరబెట్టాలి. ఆ తర్వాతే నెత్తిన పెట్టుకుని మరకు. మరవాడు మొక్కజొన్నకు పెట్టిన జల్లెడ మార్చాలంటే విసుక్కుంటాడు, చాలామంది తెచ్చేదాకా ఆగమంటాడు. అదే మొక్కజొన్నయితే తిన్నగా మరకు తీసుకుపోతే చాలు.

ఈ పల్లెలో నాకు అన్నిటికన్నా స్పష్టంగా తెలిసింది ఇదే. మొక్కజొన్న గెలిచింది రుచి వల్లో, హోదా వల్లో మాత్రమే కాదు. అది ఆడవాళ్ళకు రోజుకు రెండు మూడు గంటలు మిగిల్చింది. మొక్కజొన్న కంకికి పొర ఉంటుంది, పిట్ట ముట్టదు. కాబట్టి పిల్లలు బడికి సమయానికి వెళ్ళగలిగారు. వాతావరణం మారుతోంది, చిరుధాన్యాలకు తిరిగి రండి అని రైతులకు చెప్పడం న్యాయమే. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పుడు మన దగ్గర కూడా అదే చెప్పాం. కానీ ఆ తిరిగి రావడానికయ్యే చాకిరీ ఎవరు మోస్తారో చెప్పకుండా విత్తనం సంచి ఒక్కటీ చేతిలో పెడితే సరిపోదు. రకాల మీద పెట్టిన శ్రద్ధలో సగం నూర్పిడికీ, పొట్టు తీయడానికీ పెట్టి ఉంటే ఈ చేలు ఇంత కుదించుకుపోయేవి కావని నా నమ్మకం. ముఱూరను అడిగితే, సజ్జ తనకు ఇష్టమేనంది. "దంచడానికే ఇష్టం లేదు" అంది.

ఆదివారం, లెక్కలు

చర్చి నుంచి వచ్చాక ఇంటిల్లిపాదీ కూర్చుని ధాన్యం పంచారు. సజ్జలో ఏడు బకెట్లు గాదెకు. ఒకటి ఈ ఏడు పంట రాని మేనత్తకు. ఒకటి బడి ఫీజు కోసం అమ్మకానికి. రెండిచ్చి పొరుగింటి మేకపిల్లను తీసుకున్నారు. రాగి ఇంకా నూర్చలేదు. అందులో ఒక వాటా అక్టోబరులో వాన కోసం చేసే ముక్వెరెర పూజకు ఊరంతా కలిసి వండే హ్వహ్వలో పోతుంది. ఆ వాటాకు ఎంత కరువులోనైనా చెయ్యి పెట్టరు. అంబుయ నాకు ఒక రాగి వెన్ను ఇవ్వబోయింది. అనుమతి లేకుండా విత్తనం దేశం దాటించకూడదని చెప్పి, బదులుగా వేయించిన రాగి పిండి తీసుకున్నాను.

వచ్చే ఏడాది మొక్కజొన్న ఎంత వేయాలన్న దగ్గర మాట పెరిగింది. ఈసారి వానలు బాగున్నాయి కాబట్టి సగం పొలం వేద్దామని బాబ. తడి నిలిచే పల్లపు ముక్క దాటనివ్వనని అమయి. సజ్జ తగ్గించనక్కర్లేదు, నూర్పిడి యంత్రం ఉంటే చాలని ముఱూర. ఇంత మందిలో ఆమె మొదటిసారి గొంతెత్తింది. నా స్నేహితురాలు అక్కడికక్కడే మస్వింగోలో ఒక దుకాణానికి ఫోన్ చేసింది. చిన్న డీజిల్ యంత్రం, జొన్న, సజ్జ, రాగికి వేర్వేరు జల్లెడలతో ఉందట. ధర ఒక్క ఇంటివాళ్ళు మోయగలిగేది కాదు. న్హింబెకు వచ్చిన ఐదిళ్ళవాళ్ళు కలిస్తే మోయగలరు. డీజిల్ ఎవరు పోయాలి, పాడైతే ఎవరు బాగు చేయించాలి, ఎవరింట్లో ఉంచాలి అని గంటసేపు నడిచింది. చివరికి దక్షిణాఫ్రికాలో ఉన్న అన్న సగం వాటా పంపాలని, యంత్రం ముఱూర పేరు మీదే కొనాలని, మిగతా ఇళ్ళు బకెట్టుకు ఇంతని ధాన్యం రూపంలో చెల్లించాలని తేలింది. బాబ మొక్కజొన్న సంగతి అక్టోబరుదాకా వాయిదా వేశారు.